హనుమకొండ ఫ్లాటు, రామప్ప దారిలో నాలుగు రూములు: ఒకే యజమాని, రెండు పద్దులు

నేపథ్యం

పన్ను సలహా కోసం మా దగ్గరికి వచ్చిన ఈ యజమాని వయసు 63. ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. పేరు, ఊరు, గుర్తుపట్టే వివరాలు తీసేశాం. అంకెలను గుండ్రం చేశాం కానీ వాటి మధ్య పొంతన చెడకుండా చూశాం. సెక్షన్ నంబర్లన్నీ 1961 ఆదాయపు పన్ను చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చి నంబర్లు మారాయి, ఈ కేసు మాత్రం పాత చట్టం కింద నడిచింది.

ఆయనకు నాలుగు వైపుల నుంచి డబ్బు వస్తుంది. ఏడాదికి 6,00,000 పెన్షన్. వరంగల్‌లో ఒక షాపు, నెలకు 50,000 కిరాయి. హనుమకొండలో రెండు బెడ్‌రూముల ఫ్లాటు: వేయి స్తంభాల గుడి, ఖిలా చూడటానికి వచ్చేవాళ్లకు, ఆసుపత్రి పనుల మీద వచ్చేవాళ్లకు రోజుల లెక్కన ఇస్తారు. నాలుగోది రామప్ప వైపు ఒక ఊర్లో నాలుగు రూముల ఇల్లు. 2021లో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చాక ఆ దారిలో రాత్రి బస అడిగేవాళ్లు పెరిగారు. లక్నవరం, బొగత పోయేవాళ్లూ అక్కడే దిగుతారు. ఇక మేడారం జాతర ఏడు సంగతి చెప్పనక్కర్లేదు.

2024-25లో ఫ్లాటు మీద 4,80,000, నాలుగు రూముల ఇంటి మీద 7,20,000, కలిపి 12,00,000 వచ్చింది. ఇందులో ఆన్‌లైన్ బుకింగ్ యాప్ ద్వారా 6,60,000 (ఫ్లాటు 3,60,000, ఇల్లు 3,00,000), నేరుగా యూపీఐలో 3,40,000, నగదు 2,00,000. నగదంతా ఊరి ఇంటిదే.

ఆయన ఏం అడగడానికి వచ్చారు, అసలు సమస్య ఏంటి

2025 ఆగస్టులో ఆయనే ఐటీఆర్-4 వేసుకున్నారు. ఫ్లాటు, ఇల్లు రెంటినీ కలిపి చిన్న వ్యాపారాల సెక్షన్ 44ఏడీ కింద చూపించారు. డిజిటల్ రాబడి మీద 6 శాతం, నగదు మీద 8 శాతం లాభం అనుకునే పద్ధతి అది. గత రెండేళ్లూ అలాగే వేశారు. పెన్షన్, షాపు కిరాయి, ఈ లాభం కలిపి 9,94,060 ఆదాయం తేలి 51,380 పన్ను కట్టారు.

అక్టోబరులో ఐటీ పోర్టల్ నుంచి మెసేజ్ వచ్చింది: ఏఐఎస్‌లో (మన రాబడి గురించి ఐటీ శాఖకు చేరిన సమాచార పట్టిక) ఉన్న రాబడి, రిటర్నులో చూపించిన రాబడి కలవడం లేదు. ఆయన వచ్చింది దానికోసమే. కారణం వెంటనే దొరికింది. యాప్ తన కమీషన్ 15 శాతం, అంటే 99,000 పట్టుకొని మిగతాది బ్యాంకులో వేసింది. ఆయన బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి 11,01,000 రాసుకున్నారు. 194-ఓ కింద యాప్ టీడీఎస్ కోసేది మాత్రం గెస్టు కట్టిన పూర్తి మొత్తం మీద. ఏఐఎస్‌కు ఆ మొత్తమే ఎక్కుతుంది. ఆ టీడీఎస్ 2024 సెప్టెంబరు 30 దాకా 1 శాతం, అక్టోబరు 1 నుంచి 0.1 శాతం. కోత బాగా తగ్గడంతో చాలామంది యజమానులు ఇక దాన్ని పట్టించుకోవడం మానేశారు. తగ్గింది కోత ఒక్కటే, ఐటీ శాఖకు సమాచారం చేరడం ఆగలేదు. ఒక వ్యక్తికి ఒకే యాప్ ద్వారా ఏడాదికి 5 లక్షలు దాటకుండా, పాన్ లేదా ఆధార్ ఇచ్చి ఉంటే కోత ఉండదు. ఈయనది దాటింది.

ఈ తేడా ఒక్కటే అయితే గంట పని. రిటర్ను తెరిచి చూశాక పెద్ద తప్పు బయటపడింది. 2024 జులై బడ్జెట్‌లో సెక్షన్ 28కి ఒక వివరణ చేర్చారు: నివాస గృహాన్ని గానీ అందులో కొంత భాగాన్ని గానీ యజమాని కిరాయికి ఇస్తే వచ్చే ఆదాయం వ్యాపార పద్దులోకి రాదు, హౌస్ ప్రాపర్టీ పద్దులోకే వస్తుంది. 2025-26 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి, అంటే సరిగ్గా ఈ రిటర్ను నుంచే అమలు. అంతకుముందు 2015లో చెన్నై ప్రాపర్టీస్ కేసులో, తర్వాత రాయలా కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులను పట్టుకొని, కిరాయికి ఇవ్వడమే నా వ్యాపారం అనే వాదన నడిచేది. నివాస గృహాల విషయంలో ఆ దారి మూసుకుపోయింది.

పద్దు మారితే లెక్క మొత్తం మారుతుంది. 44ఏడీలో నూటికి ఆరో ఎనిమిదో చూపిస్తే సరిపోతుంది. హౌస్ ప్రాపర్టీలో వచ్చిన కిరాయి నుంచి ఆ ఏడు కట్టిన ఇంటి పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం తగ్గించి, లోను ఉంటే వడ్డీ తీసేస్తారు. ఇంకేమీ తగ్గదు. ఏసీ కొన్నా, దుప్పట్లు ఉతికించినా, యాప్‌కు కమీషన్ ఇచ్చినా అన్నీ ఆ 30 శాతంలోనే సర్దుకోవాలి.

ఇది విని ఆయన అడిగిన మాట: "కిరాయి అంటే కిరాయే కద సార్, దాంట్ల రెండు రకాలేంది?" ఈ కేసంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

మొదట వేసిన లెక్కలు, అవి ఎందుకు నిలవలేదు

భయంతో మొదట తట్టేది అంతా హౌస్ ప్రాపర్టీలోకి మార్చేయడం. లెక్క వేసి చూశాం. ఫ్లాటు మీద 1,61,400 తేలింది. ఊరి ఇంటి మీద 7,20,000లో పంచాయతీ ఇంటి పన్ను 4,000 తీసేసి 30 శాతం తగ్గిస్తే 5,01,200. మొత్తం ఆదాయం 15,86,600, కొత్త పన్ను విధానంలో సెస్సుతో కలిపి పన్ను 1,72,620. పన్ను ఎక్కువ వచ్చిందని ఈ దారి వదల్లేదు. ఊరి ఇంటికి ఇది నిజంగా వర్తించదు కాబట్టి వదిలాం. వంటమనిషి జీతం, కిరాణా, గ్యాస్ కోసం బయటికి పోయిన డబ్బును ఆదాయం అని రాయడం ఎంత తప్పో, ఫ్లాటు కిరాయిని వ్యాపారం అని రాయడం అంతే తప్పు.

రెండోది ఆయన తెచ్చిన ఆలోచన: ఫ్లాటులో తన వాటాను భార్య పేరున గిఫ్ట్ డీడ్ చేయడం. ఆమెకు వేరే ఆదాయం లేదు. సెక్షన్ 27 దీన్ని ఒప్పుకోదు. తగిన ప్రతిఫలం లేకుండా భార్యకో భర్తకో ఇల్లు రాసిస్తే పన్ను లెక్కలో ఇచ్చినవాళ్లే యజమాని. రిజిస్ట్రేషన్ ఖర్చు దండగ.

మూడోది ఎవరో చెప్పారట: ఫ్లాటు కిరాయిలో 40 శాతం ఫర్నిచర్ కిరాయి అని విడగొట్టి, ఏసీ, మంచాల మీద తరుగుదల తీసుకోవడం. ఇలా విడగొట్టడానికి ఏ ఆధారమూ లేదు. యాప్‌లో రోజుకు ఒకే ధర, గెస్టుకు ఒకే బిల్లు, ఫర్నిచర్ వద్దంటే ధర తగ్గించే పద్ధతే లేదు. ఏడాది గడిచాక కాగితం మీద గీసిన గీత తనిఖీలో ఒక్క ప్రశ్నకు కూడా ఆగదు.

గెస్టుకు ఏం ఇస్తున్నారన్నదే కొలత

యాప్‌లో రెండింటినీ హోమ్‌స్టే అనే పెట్టారు. పేరును పక్కనపెట్టి, గెస్టు తలుపు తీసినప్పటి నుంచి పోయేదాకా అక్కడ ఏం జరుగుతుందో రాసుకున్నాం.

ఫ్లాటులో గెస్టుకు తాళంచెవి వాచ్‌మన్ దగ్గర దొరుకుతుంది. వంటింట్లో గ్యాస్ పొయ్యి, గిన్నెలు ఉంటాయి, వండుకుంటే వాళ్లే వండుకోవాలి. మధ్యలో ఎవరూ ఊడ్వరు. గెస్టు ఖాళీ చేశాక ఒకసారి శుభ్రం చేసి దుప్పట్లు మారుస్తారు. కరెంటు మీటరు ఇంటి కేటగిరీలోనే ఉంది. ఇది ఇల్లే. రోజుల లెక్కన ఇచ్చినా, నెలల లెక్కన ఇచ్చినా ఇల్లు కిరాయికి ఇచ్చినట్టే.

ఊరి ఇల్లు అలా కాదు. వంటమనిషి, పనిమనిషి జీతాల మీద ఉన్నారు. పొద్దున టిఫిన్ ధరలోనే కలిసి ఉంది, అడిగితే రెండు పూటలా భోజనం పెడతారు. డ్రైవర్లు పడుకోవడానికి వరండాలో మంచాలున్నాయి. పంచాయతీ ట్రేడ్ లైసెన్సు ఉంది, మీటరు కేటగిరీ-2, అంటే వ్యాపార కనెక్షన్. నాలుగు రూముల్లో ఒక్కదాంట్లోనూ వంట చేసుకునే వీలు లేదు, యజమాని కుటుంబం ఎప్పుడూ అక్కడ కాపురం ఉండలేదు.

ఇక్కడ పనిమనిషి హాజరు పుస్తకం బాగా అక్కరకొచ్చింది. సమ్మక్క సారలమ్మ దగ్గరికి పోయే కుటుంబాలు బంగారం (అమ్మవార్లకు మొక్కుగా ఇచ్చే బెల్లం) మూటలతో దిగుతాయి. ఆ బెల్లం రూములో ఒక్క రాత్రి ఉంటే తెల్లారేసరికి గోడ పొడుగునా చీమల బారు. అందుకని రద్దీ ఉన్న రోజుల్లో రెండు పూటలా నేల కడగాలి, దానికి రోజుకు అదనపు కూలి. ఆ కూలి తేదీలతో సహా పుస్తకంలో ఉంది. రూముల్లో రోజువారీ సేవ జరిగిందని చెప్పడానికి అంతకంటే మంచి కాగితం ఉండదు.

దీన్నిబట్టి ఊరి ఇల్లు బస వ్యాపారం నడిచే భవనమే తప్ప కిరాయికిచ్చిన నివాస గృహం కాదన్నది మా నిర్ణయం. సొంత వ్యాపారానికి వాడుకునే భవనాన్ని సెక్షన్ 22 హౌస్ ప్రాపర్టీ నుంచి తప్పిస్తుంది, అదే ఆసరా. ఆఫీసరు వేరేలా అనుకునే అవకాశం పూర్తిగా లేదని చెప్పలేం కాబట్టి, ఈ వాదనను రెండు పేజీల నోటుగా రాసి, లైసెన్సు, కరెంటు బిల్లులు, జీతాల రసీదులు జతచేసి ఫైల్లో పెట్టాం. రిటర్ను వేసిన రోజే ఆ నోటు రాయాలి. నోటీసు వచ్చాక రాసినదానికి బలం ఉండదు.

సవరించిన రిటర్ను

వ్యాపారంతో పాటు షాపు, ఫ్లాటు రెండూ హౌస్ ప్రాపర్టీలో ఉన్నాయి కాబట్టి ఆ ఏడు ఐటీఆర్-4 పనికిరాలేదు. నవంబరులో ఐటీఆర్-3 మీద సవరించాం. అప్పటి గడువు డిసెంబరు 31.

ఫ్లాటు లెక్క: వచ్చింది 4,80,000. కార్పొరేషన్ ఇంటి పన్ను ఆ ఏడు 18,000 కట్టారు, అందులో 12,000 పాత బకాయి. బకాయి అయినా సరే, కట్టిన ఏడే పూర్తిగా తగ్గుతుంది. మిగిలిన 4,62,000లో 30 శాతం తీస్తే 3,23,400. లోను వడ్డీ 1,62,000 పోగా 1,61,400. కొత్త పన్ను విధానంలో వడ్డీయే తగ్గదని చాలామంది అనుకుంటారు. సొంతంగా ఉండే ఇంటికి అది నిజం. కిరాయికిచ్చిన ఇంటికి వడ్డీ తగ్గుతుంది, కాకపోతే దానివల్ల నష్టం తేలితే ఆ నష్టాన్ని పెన్షన్ లాంటి వేరే ఆదాయంలో సర్దుకోనివ్వరు. ఇక్కడ నష్టం రాలేదు.

సేల్ డీడు తీసి చదివితే ఫ్లాటు భార్యాభర్తలిద్దరి పేరున సగం సగం ఉంది. ఆమె వాటా డబ్బు పుట్టింటి భూమి అమ్మగా వచ్చింది, ఆ జమ బ్యాంకులో కనిపిస్తోంది. లోను కిస్తీల్లో సగం ఆమె ఖాతా నుంచే పోతోంది. వాటాలు తేలి ఉంటే ఎవరి వాటా వాళ్ల ఆదాయమేనని సెక్షన్ 26 చెబుతుంది. కాబట్టి ఆయనకు 80,700, ఆమెకు 80,700. గిఫ్ట్ డీడ్ చేసి సాధించాలనుకున్నదాంట్లో న్యాయంగా దక్కేది ఎనిమిదేళ్లుగా ఇంట్లో బీరువాలోనే ఉంది. ఆమె వాటా టీడీఎస్ ఆమెకే చేరేలా రిటర్నులో చూపించాం.

ఊరి ఇల్లు 44ఏడీలోనే ఉంచాం. కనీస లాభం లెక్కిస్తే 47,200 వస్తుంది. పుస్తకం ప్రకారం ఖర్చులు: జీతాలు 2,40,000, కిరాణా, గ్యాస్ 1,45,000, కరెంటు 62,000, యాప్ కమీషన్ 45,000, ఉతుకుడు, రిపేర్లు 38,000. మొత్తం 5,30,000. మిగిలింది 1,90,000, అదే చూపించాం. ఆ సెక్షన్‌లో 6, 8 శాతాలు కింది హద్దు. అంతకంటే ఎక్కువ మిగిలిందని సొంత పుస్తకమే చెబుతున్నప్పుడు తక్కువ రాయమని సలహా ఇవ్వకూడదు. పైగా ఆయన మరో రెండు రూములకు బ్యాంకు లోను అడగబోతున్నారు, 47,200 లాభం మీద ఏ మేనేజరూ ఫైలు కదపడు. ఫ్లాటు బయటికి పోతే 44ఏడీ వదిలేసినట్టై ఐదేళ్లు తిరిగి రానివ్వరేమో అని ఆయన భయపడ్డారు. ఇంటి వ్యాపారం అందులోనే కొనసాగుతోంది కాబట్టి ఆ చిక్కు లేదు.

చివరికి ఆదాయం 11,94,700, పన్ను 82,370. అదనంగా 30,990 పన్ను, దానిమీద వడ్డీ కట్టారు. వడ్డీ ఎందుకని అడిగారు, ఎందుకంటే 60 దాటినవాళ్లకు అడ్వాన్సు టాక్సు లేదని విన్నారు. వ్యాపార ఆదాయం లేనివాళ్లకే ఆ వెసులుబాటు. 44ఏడీలో ఉన్నవాళ్లు మార్చి 15లోపు మొత్తం ఒకే విడతలో కట్టాలి.

జాతర ఏడు, జీఎస్టీ

ఇది అడక్కుండానే ఎత్తిన విషయం. సేవలకు రిజిస్ట్రేషన్ హద్దు ఏడాదికి 20 లక్షలు. అప్పటిదాకా ఆయన ఫ్లాటు, ఇల్లు మాత్రమే లెక్కేసుకొని నిశ్చింతగా ఉన్నారు. ఆ హద్దు ఒక పాన్ కింద వచ్చే రాబడి మొత్తానికి. షాపు కిరాయి 6,00,000 కూడా అందులోకి వస్తుంది. 2024 అక్టోబరు 10 నుంచి రిజిస్ట్రేషన్ లేని యజమాని షాపును రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారికిస్తే, 18 శాతం జీఎస్టీ ఆ వ్యాపారే రివర్స్ చార్జి కింద కడతాడు. వాడు కడుతున్నాడు కదా, నా టర్నోవర్ ఎట్లా అవుతుందన్నారు. పన్ను ఎవరు కట్టినా సేవ ఇచ్చింది ఈయనే, టర్నోవర్ ఈయనదే. యాప్ ద్వారా వచ్చిందీ అంతే: రిజిస్ట్రేషన్ లేని చిన్న యజమానుల తరఫున సెక్షన్ 9(5) కింద యాపే జీఎస్టీ కడుతుంది, కానీ ఆ రాబడి యజమాని లెక్కలోనే ఉంటుంది. ఫ్లాటు లిస్టింగు, బిల్లు ఆయన పేరునే ఉన్నాయి కాబట్టి జీఎస్టీకి ఆ రాబడి మొత్తం ఆయనకే కలిపాం.

2025-26లో డిసెంబరు 31 నాటికి ఫ్లాటు 3,70,000, ఇల్లు 6,10,000, షాపు 4,50,000, కలిపి 14,30,000. జాతర 2026 జనవరి 28 నుంచి 31 వరకు. జనం నెల ముందు నుంచే కదులుతారు. ముందే రిజిస్ట్రేషన్ తీసుకుందామా అంటే వద్దన్నాం. తీసుకున్న రోజు నుంచి యాప్ 9(5) కింద కట్టడం ఆపేస్తుంది, షాపు కిరాయి మీదా ఈయనే 18 శాతం వసూలు చేయాలి, రిటర్నులు వేస్తూ ఉండాలి. పోనీ కొన్న సామాన్ల మీద పడిన జీఎస్టీని తాను కట్టే పన్నులో తగ్గించుకునే క్రెడిట్ వస్తుందా అంటే, 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 లోపు రూములకు 12 శాతం పోయి 5 శాతం వచ్చింది, ఇన్‌పుట్ క్రెడిట్ లేకుండా. కొత్త రూములకు ఏసీలు కొని క్రెడిట్ తీసుకుందామన్న ఆలోచన అక్కడే ముగిసింది. అందుకని హద్దు దాటే రోజును కనిపెట్టుకొని ఉండటమే మేలనుకున్నాం. రోజూ రాత్రి నోటుబుక్కులో ఒక వరుస: ఫ్లాటు, ఇల్లు, షాపు, ఇప్పటిదాకా మొత్తం.

జాతర ధరల విషయంలో మాత్రం గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఆ నాలుగు రోజులు రూముకు 8,000 ఇస్తామని అడిగినవాళ్లున్నారు. రోజుకు ఒక రూము 7,500 దాటితే ఆ బుకింగుకు జీఎస్టీ 18 శాతం. 7,500 రూము గెస్టుకు పన్నుతో 7,875 పడితే, 7,600 రూము 8,968 పడుతుంది. ఇంతకంటే పెద్ద ఇబ్బంది తర్వాత వస్తుంది: 2025 ఏప్రిల్ నుంచి ఉన్న నిబంధన ప్రకారం, ముందటి ఏడు ఒక్క రూమైనా రోజుకు 7,500 పైన ఇచ్చి ఉంటే, రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు మరుసటి ఏడంతా అక్కడ అమ్మే భోజనం మీద 5 బదులు 18 శాతం కట్టాలి. ఒక్క రాత్రి ఆశకు ఏడాది భోజనాలన్నీ ఎక్కువ రేటులో పడతాయి. రూము ధర 7,000 దగ్గర ఆపేశారు. ఇల్లు మొత్తం ఒకే గుంపు తీసుకున్నప్పుడు కూడా, రూములకు విడివిడి ధరలు ఉన్నాయి కాబట్టి, 20,000 అని ఒక్క వరుసలో కాకుండా రూముకు 5,000 చొప్పున నాలుగు వరుసలుగా బిల్లు రాయించాం. ఒక్క వరుసలో రాస్తే మొత్తం ఇంటినే ఒక యూనిట్‌గా చూసే ప్రమాదం ఉంది.

జనవరిలో 4,90,000 వచ్చింది. నెలాఖరుకు మొత్తం 19,20,000. ఫిబ్రవరి 5న షాపు కిరాయి పడి 19,70,000 అయింది. ఫిబ్రవరి 8, ఆదివారం రాత్రి వరుసలో 20 లక్షలు దాటింది. దాటిన 30 రోజుల్లో దరఖాస్తు చేస్తే రిజిస్ట్రేషన్ దాటిన రోజు నుంచే చెల్లుతుంది. ఫిబ్రవరి 20న వేశాం. సర్టిఫికెట్ వచ్చేదాకా మధ్యలో ఇచ్చిన నేరు బిల్లులకు నెలలోపు సవరించిన ఇన్‌వాయిస్‌లు రాశాం.

నంబరు చేతికొచ్చిన పూటే రెండు పనులు చేయించాం. యాప్‌లో జీఎస్టీ నంబరు ఎక్కించడం ఒకటి. అది ఆలస్యమైతే యాప్ పాత పద్ధతిలో కడుతూనే ఉంటుంది, ఈయన బాధ్యత మాత్రం పోదు, ఒకే రూముకు రెండు చోట్ల లెక్క తేల్చుకోవాల్సి వస్తుంది. రెండోది షాపు కిరాయిదారుకు ఉత్తరం: మార్చి నుంచి రివర్స్ చార్జి కట్టొద్దు, మేమే 50,000 మీద 9,000 వేసి ఇన్‌వాయిస్ ఇస్తాం, మీకు క్రెడిట్ వస్తుంది. అగ్రిమెంటులో పన్నులు కిరాయిదారువే అన్న మాట ఉండబట్టి పేచీ రాలేదు. ఆ మాట లేని పాత అగ్రిమెంట్లలో ఈ పన్ను యజమాని జేబు నుంచే పోయే ప్రమాదం ఉంది.

ఫ్లాటుకు, ఊరి ఇంటికి ఇప్పుడు వేర్వేరు క్యూఆర్ కోడ్‌లు, వేర్వేరు బ్యాంకు ఖాతాలు. ఫ్లాటు ఖాతా ఇద్దరి పేరున తెరిచారు. 2026-27లో మహాజాతర లేదు, టర్నోవర్ మళ్లీ 20 లక్షల లోపు ఉండొచ్చు. రిజిస్ట్రేషన్ ఉంచుకోవాలా రద్దు చేసుకోవాలా అన్నది కొత్త రూముల లోను మంజూరయ్యాక తేల్చుకుందామని ఫైల్లో రాసి పెట్టాం.